పబ్ పైన మా ఇల్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల పిల్లల సెలవుల గురించి రాస్తూ మాటల్లో మాటగా నేను ఇంగ్లండ్‌లో మా అమ్మానాన్న నడిపిన పబ్ పైన పెరిగానని ఒక్క లైన్ రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ దాదాపు అన్నీ ఆ లైన్ మీదే. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, పబ్ అంటే మాకు తెలిసింది డీజే పెట్టి లైట్లు తగ్గించి డాన్సులేసే చోటు. అలాంటి చోట ఆడపిల్లని పెట్టుకుని కాపురం ఎలా చేశారు మీవాళ్ళు? అసలు తెలుగువాళ్ళు ఆ వ్యాపారంలోకి ఎలా వెళ్ళారు? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: ముందు ఆ డీజేని, లైట్లని మనసులోంచి తీసేయమ్మా. ఇంగ్లండ్‌లో పాతకాలం వీధి పబ్ అంటే ఊళ్ళో రచ్చబండ లాంటిది, పైన కప్పు ఉంటుంది, చేతిలో గ్లాసు ఉంటుంది అంతే తేడా. రోజూ అదే మనుషులు అదే టైమ్‌కి వచ్చి అదే కుర్చీలో కూర్చుంటారు, ఎవరికి ఒంట్లో బాలేదు, ఎవరి కూతురికి పెళ్ళి కుదిరింది అన్నీ అక్కడే తెలుస్తాయి.

మా నాన్న బర్మింగ్‌హామ్ పక్కన, బ్లాక్ కంట్రీ అంటారు ఆ ప్రాంతాన్ని, అక్కడ ఒక ఫౌండ్రీలో, అంటే ఇనుము కరిగించి పోతపోసే ఫ్యాక్టరీలో చేసేవారు. 1980ల మొదట్లో అక్కడ ఫ్యాక్టరీలు వరసపెట్టి మూతపడ్డాయి, బ్రియర్లీ హిల్‌లో రౌండ్ ఓక్ స్టీల్ వర్క్స్ అంత పెద్దది కూడా 1982 డిసెంబర్‌లో మూసేశారు, నాన్నవాళ్ళ ఫౌండ్రీ కూడా అదే వరసలో పోయింది. ఉద్యోగం పోయినందుకు చేతికొచ్చిన రిడండెన్సీ డబ్బులు పెట్టి ఒక బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే కంపెనీ దగ్గర పబ్ తీసుకున్నారు. టెనెన్సీ అంటారు దాన్ని. బిల్డింగ్ బ్రూవరీది, అద్దె మనం కట్టాలి, లోపలి సామాను, సరుకు మనం కొనుక్కోవాలి, బీరు మాత్రం వాళ్ళ దగ్గరే వాళ్ళు చెప్పిన రేటుకే కొనాలి. మిగిలేది తక్కువే కానీ పైన ఇల్లు వస్తుంది, కుటుంబమంతా కలిసి చేసుకుంటే జీతాలు ఇచ్చే పని ఉండదు. ఆ ప్రాంతంలో చాలామంది పంజాబీలు ఇలాగే పబ్‌ల్లోకి వచ్చారు, నాన్నకి ధైర్యం చెప్పి పంపింది కూడా ఫౌండ్రీలో పక్క మెషీన్ మీద చేసిన పంజాబీ ఆయనే.

అప్పట్లో లైసెన్స్ మేజిస్ట్రేట్‌లు ఇచ్చేవాళ్ళు, కౌన్సిళ్ళ చేతికి వచ్చింది 2005లో. నాన్న పెళ్ళి సూట్ వేసుకుని కోర్టుకి వెళ్ళొచ్చారు. లైసెన్స్ ఎవరిదో వాళ్ళ పేరు పబ్ బయట రాయాలని చట్టం, తలుపు పైన సన్న బోర్డు మీద రాస్తారు. మాది పొడుగు ఇంటిపేరు, పెయింటర్ సగం రాసేసరికి చోటు సరిపోదని తెలిసి, మొత్తం చెరిపి మళ్ళీ చిన్న అక్షరాలతో మొదలుపెట్టాడు, నాన్న కింద నిచ్చెన పట్టుకుని ఒక్కో అక్షరం స్పెల్లింగ్ చెప్తూ నిలబడ్డారు. ఆయన పేరు ఇంగ్లండ్‌లో ఒక గోడ మీద రాసి ఉండటం అదే మొదటిసారి, చాలా రోజులు బయటికెళ్ళి వచ్చిన ప్రతిసారీ తలెత్తి చూసుకునేవారు.

ప్రశ్న: అక్కడ చిన్నపిల్లలు బార్‌లోకి రాకూడదని చట్టం ఉంది కదా, మరి మీరు ఎలా ఉన్నారు? (లా చదువుతున్న పాఠకుడు)

జవాబు: మంచి ప్రశ్న. 1964 లైసెన్సింగ్ చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలు తెరిచి ఉన్న టైమ్‌లో బార్‌లో ఉండకూడదు. కానీ లైసెన్స్ ఉన్నవాళ్ళ సొంత పిల్లలకి మినహాయింపు ఉంది, అది వాళ్ళ ఇల్లు కాబట్టి. అందుకని నేను బార్‌లోంచి నడిచి వెళ్ళొచ్చు, నాతో వచ్చిన స్కూల్ ఫ్రెండ్ మాత్రం పక్క తలుపు నుంచి మెట్లెక్కి పైకి రావాలి. ఎండాకాలంలో చూస్తే బయట బెంచీల మీద పిల్లలంతా క్రిస్ప్స్ (మన చిప్స్) ప్యాకెట్, నిమ్మసోడా పట్టుకుని కూర్చుని ఉండేవాళ్ళు, లోపల వాళ్ళ అమ్మానాన్నలు. కిటికీకి ఇటు నేను, అటు వాళ్ళు. వాళ్ళకి నన్ను చూస్తే కుళ్ళు, నాకేమో వాళ్ళ అమ్మానాన్న కాసేపట్లో బయటికొచ్చి వాళ్ళతో ఇంటికి నడిచి వెళ్తారు కదా అని కుళ్ళు.

ఇంకో రూలు ఏంటంటే 18 లోపు వాళ్ళని తెరిచి ఉన్న టైమ్‌లో బార్ పనికి పెట్టకూడదు. అందుకే మా పనులన్నీ తెరవకముందే.

ప్రశ్న: మేడమ్, ఒక మామూలు రోజు ఎలా గడిచేదో కాస్త వివరంగా రాస్తారా? (రాజమండ్రి నుంచి)

జవాబు: ఇది రాయడం మొదలుపెడితే ఆగదు, అయినా రాస్తా.

పొద్దున్న లేచి కిందికి దిగితే ముందు వాసన. రాత్రి సిగరెట్లు, కార్పెట్‌లోకి ఇంకిన బీరు, పైన అమ్మ కొట్టిన పాలిష్. లోపల సిగరెట్లు ఆపేసింది 2007 జూలైలో, మా చిన్నప్పుడు సీలింగ్ మొత్తం టీ రంగులో ఉండేది. యాష్‌ట్రేలు తుడవడం మా తమ్ముడి పని, దానికి గుడ్డ కాదు, గోడకి రంగులేసే పాత బ్రష్ వాడతారు, బూడిద మొత్తం మూలల్లోంచి వచ్చేస్తుంది. నా పని సీసాలు సర్దడం. రాత్రి అమ్ముడైన వాటి లెక్క చూసి, సెల్లార్‌లోంచి క్రేట్లు తెచ్చి, షెల్ఫ్‌లో ఉన్న పాత సీసాలు ముందుకి జరిపి కొత్తవి వెనక పెట్టాలి, లేబుల్స్ అన్నీ బయటికి తిరిగి ఉండాలి. ఇప్పటికీ మా ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే పెరుగు డబ్బాలు అలాగే ఉంటాయి, మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా నా చెయ్యి ఆగదు.

సెల్లార్ నాన్న రాజ్యం. ఎండాకాలమైనా చలికాలమైనా అక్కడ 12 డిగ్రీల చుట్టూ ఉండాలి. పీపాలో వచ్చే కాస్క్ ఏల్ అనే బీరు ఇంకా బతికే ఉన్న సరుకు, లోపల ఈస్ట్ పనిచేస్తూనే ఉంటుంది. బ్రూవరీ లారీ వచ్చి, పేవ్‌మెంట్ మీద ఉన్న చెక్క తలుపులు తెరిచి, తాళ్ళ మీద పీపాలు కిందికి జార్చేవాళ్ళు. ఫర్కిన్ అంటే 9 గ్యాలన్లు, కిల్డర్కిన్ అంటే 18. దాన్ని చెక్క దిమ్మల మీద పడుకోబెట్టి, పైన కన్నంలో మెత్తటి చెక్క మేకు దిగ్గొడితే లోపలి గ్యాస్ నురగతో బుసబుసమని బయటికొస్తుంది. నాన్న చెవి దగ్గర పెట్టి వినమనేవారు, ఆ చప్పుడు తగ్గాక గట్టి మేకు మార్చి, మడ్డి అడుక్కి దిగేదాకా ముట్టుకోకుండా వదిలేయాలి. ఒకసారి తెరిచాక మూడు రోజుల్లో అమ్మేయాలి, లేకపోతే పులుస్తుంది. ఫౌండ్రీలో కరిగిన ఇనుము పోసిన మనిషి ఆ పీపాల దగ్గర అంత నెమ్మదిగా నడవడం చూస్తే నాకు భలే ముద్దొచ్చేది.

కానీ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మధ్యాహ్నం గురించి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనివాళ్ళు తాగి పని చెడగొడుతున్నారని 1915 నుంచి పబ్‌లు మధ్యాహ్నం మూయించడం మొదలుపెట్టారు, యుద్ధం అయిపోయి అన్నేళ్ళయినా ఆ రూలు మాత్రం అలాగే ఉండిపోయింది. రెండున్నరకో మూడింటికో మూసేసి, మళ్ళీ ఐదున్నరకో ఆరింటికో తెరవాలి. అంటే మేం స్కూల్ నుంచి వచ్చేసరికి పబ్ మూసి ఉండేది! తలుపు గడియ పెట్టి, కర్టెన్లు సగం లాగి, లాంజ్‌లో ఎర్ర సోఫాల మీద నలుగురం కూర్చుని అన్నం తినేవాళ్ళం, అమ్మ పైనుంచి గిన్నెలు మోసుకొచ్చేది, ఎందుకంటే పైన వంటగదిలో నలుగురికి చోటు లేదు. పప్పు గిన్నె కింద బీర్ మ్యాట్. తిన్నాక నాన్న డామినోస్ తీసేవారు, అమ్మ కాళ్ళు బారజాపుకుని కళ్ళు మూసుకునేది, మేం హోంవర్క్ అక్కడే చేసుకునేవాళ్ళం. ఐదుంబావు అయ్యేసరికి నాన్న లేచి చొక్కా మార్చుకునేవారు, ఇక ఆ రోజుకి ఆయన మాకు అయిపోయినట్టే.

పబ్ పిల్లల జీవితం మొత్తం ఇందులోనే ఉంది చూడండి. అమ్మానాన్న ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు, నేల కింద వాళ్ళ గొంతు వినిపిస్తూనే ఉంటుంది, కానీ మనకి దొరకరు. దొరికేది ఆ రెండు గంటలే.

1988 ఆగస్టులో చట్టం మార్చారు, పొద్దున్న 11 నుంచి రాత్రి 11 దాకా ఏకధాటిగా తెరుచుకోవచ్చని. పేపర్లన్నీ ఇన్నేళ్ళకి స్వేచ్ఛ వచ్చిందని రాశాయి. నాన్న కొన్నాళ్ళు తెరవలేదు, ఎదురుగా ఉన్న పబ్ తెరిచింది, మా కస్టమర్లు కొందరు అటు వెళ్ళడం మొదలుపెట్టారు, ఇక తప్పక తెరిచారు. ఒకరోజు స్కూల్ నుంచి వచ్చేసరికి లాంజ్‌లో మేం కూర్చునే చోట ఎవరో పెద్దాయన పేపర్ చదువుకుంటున్నాడు. ఎవరూ దాని గురించి ఏమీ మాట్లాడలేదు, అమ్మ పైన రెండు ప్లేట్లు మూతపెట్టి ఉంచింది. ఆదివారాలు మాత్రం మధ్యాహ్నం మూసే రూలు 1995 దాకా ఉంది, అందుకని మా భోజనం ఆదివారానికి మారింది. ఆ చట్టం తెచ్చినవాళ్ళని నేను తప్పుపట్టను, ఎప్పుడు తాగాలో పెద్దవాళ్ళకి ప్రభుత్వం చెప్పడమేంటన్నది న్యాయమైన మాటే. కానీ పబ్ నడిపే ఇళ్ళల్లో పిల్లలుంటారని ఆ చర్చలో ఎవరికైనా గుర్తొచ్చిందా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రశ్న: తాగుబోతుల మధ్య భయం వేయలేదా? మీకు అలవాటు కాలేదా? (ఇలా అడిగినవాళ్ళు చాలామంది)

జవాబు: భయం తక్కువ. మా బార్‌లో బూతు మాట వినిపిస్తే, మెట్ల దగ్గర నా కాళ్ళు కనపడగానే ఎవరో ఒకరు "పిల్ల వస్తోంది" అనేవాళ్ళు, అంతా సర్దుకునేవాళ్ళు. ఇంకో సంగతి, మత్తు ఎక్కువైన మనిషికి ఇంకా పోయడం అక్కడ నేరం, నాన్న ఆ విషయంలో చాలా గట్టి.

కానీ తాగుడు కుటుంబాల్ని ఏం చేస్తుందో దగ్గర్నుంచి చూశాను, అది దాచను. మా దగ్గరికి వచ్చే ఒకాయన శుక్రవారం జీతం కవర్ జేబులో పెట్టుకుని నేరుగా బార్‌కి వచ్చేవాడు. వాళ్ళావిడ ఒకసారి వచ్చి అమ్మతో పెరట్లో నిలబడి మాట్లాడింది. ఆ తర్వాత నుంచి ఆయన రాగానే అమ్మ చెయ్యి చాపేది, ఆయన కవర్ ఇచ్చేవాడు, అందులోంచి ఆ రాత్రికి సరిపడా తీసి ఇచ్చి మిగతాది క్యాష్ డ్రాయర్ కింద పెట్టి మర్నాడు వాళ్ళావిడకి పంపేది. మా వ్యాపారానికి అది నష్టమే. అయినా నాన్న ఒక్కసారి కూడా వద్దనలేదు.

అలవాటు అంటారా, రోజూ పొద్దున్నే డ్రిప్ ట్రేల్లో మిగిలిన బీరు పారబోసిన పిల్లకి దాని మీద మోజు ఎక్కడిది. నా నోరూరేది బార్ మీద గాజు సీసాలో వెనిగర్‌లో ఊరే గుడ్లకి, నీలం కాగితంలో ఉప్పు చుట్టి వచ్చే క్రిస్ప్స్‌కి.

ప్రశ్న: తెల్లవాళ్ళు ఒక ఇండియన్ నడిపే పబ్‌కి వచ్చారా? అవమానాలు ఎదురవ్వలేదా?

జవాబు: ఎదురయ్యాయి. ఆ ప్రాంతం చరిత్ర తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. 1960ల్లో అక్కడ కొన్ని పబ్‌ల్లో సోఫాలుండే మంచి గది, అదే లాంజ్ రూమ్‌లోకి నల్లవాళ్ళని, మనవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు, బీరు పోసినా పబ్లిక్ బార్‌లోనే తాగాలి. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆ ప్రాంతంలోని స్మెథిక్ ఊరికి వచ్చి అక్కడి పరిస్థితి కళ్ళారా చూశాడు, ఆ తర్వాత తొమ్మిది రోజులకే అమెరికాలో ఆయన్ని చంపేశారు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్ళు ఆ పబ్‌ల్లోకి కావాలని వెళ్ళి కూర్చుని పోరాడారు, ఆ ఏడాది చివర్లోనే పబ్‌ల్లాంటి చోట్ల రంగు, జాతి చూసి రానివ్వకపోవడం చట్టవిరుద్ధమైంది. అంటే మనవాళ్ళని లాంజ్‌లో కూర్చోనివ్వని కాలానికి, మా నాన్న అదే ప్రాంతంలో ఒక లాంజ్‌కి యజమాని అయిన కాలానికి మధ్య ఇరవై ఏళ్ళు కూడా లేవు! నాకు ఇది తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

మేం వచ్చిన కొత్తలో పాత కస్టమర్లు కొందరు మానేశారు, కిటికీ ఒకసారి పగిలింది. మిగిలినవాళ్ళని నిలబెట్టింది మాత్రం అమ్మ వంట. పబ్‌ల మధ్య డార్ట్స్ (గోడ మీది గుండ్రటి బోర్డుకి చిన్న బాణాలు విసిరే ఆట) లీగ్ ఆడతారు, మన దగ్గర మ్యాచ్ అయితే అవతలి టీమ్‌కి కూడా సప్పర్ మనమే పెట్టాలి, మామూలుగా శాండ్‌విచ్‌లు, సాసేజ్ రోల్స్. అమ్మ మొదటి మ్యాచ్‌కి అవి చేసి, పక్కన ఒక ప్లేట్‌లో ఉల్లిపాయ పకోడి, కరివేపాకు వేసి కోడి వేపుడు పెట్టింది. శాండ్‌విచ్‌లు అలాగే మిగిలిపోయాయి. ఆ తర్వాత మిగతా టీమ్‌లు మా పబ్‌లో మ్యాచ్ ఎప్పుడని అడిగేవాళ్ళు. ఆ ప్రాంతంలో ఇప్పుడు దేశీ పబ్‌లు అని బోలెడున్నాయి, పెనం మీద బుసలుకొట్టే మిక్స్‌డ్ గ్రిల్ కోసం జనం లైన్ కడతారు, ఎక్కువ పంజాబీలవే.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. ఆ గోలలో చదువు ఎలా సాగింది?

జవాబు: మాస్టారూ, మీకు ఈ జవాబు నచ్చుతుంది. నాకు తీసివేతలు నేర్పింది డార్ట్స్ బోర్డు. 501తో మొదలుపెట్టి, వేసిన మూడు బాణాల స్కోరు తీసేస్తూ సరిగ్గా సున్నాకి రావాలి, చివరి బాణం డబుల్ (అంకెకి రెట్టింపు ఇచ్చే గడి) మీదో నడి మధ్యనో పడాలి. నేను క్రేట్ ఎక్కి నిలబడి సుద్దతో స్కోరు రాసేదాన్ని. ట్రిపుల్ 19 అంటే 57, దానికి 20, ఇంకో 8 కలిపితే 85, 501లోంచి తీస్తే 416, ఇదంతా ఆడినాయన బోర్డు దగ్గరికి నడిచొచ్చి బాణాలు పీకేలోపు రాసేయాలి. ఇంకా ఎంత మిగిలితే మూడు బాణాల్లో ముగించొచ్చో కూడా నోటికి రావాలి, అన్నిటికన్నా పెద్దది 170, రెండు ట్రిపుల్ 20లు, నడి మధ్య 50. తప్పు రాస్తే పెద్దవాళ్ళు తిట్టేవాళ్ళు కాదు, నిశ్శబ్దంగా ఎదురుచూసేవాళ్ళు, నేనే చూసుకుని దిద్దుకునేదాకా. అంత ఓపిక ఉన్న టీచర్ నాకు స్కూల్లో దొరకలేదు.

గోల సంగతి అయితే, నా మంచం కింద సరిగ్గా జూక్‌బాక్స్ ఉండేది. చప్పుడు ఉంటేనే నిద్రపట్టేది.

ప్రశ్న: ఇప్పుడు ఆ పబ్ ఉందా?

జవాబు: లేదండి, ఫ్లాట్లు కట్టేశారు. 1989లో ప్రభుత్వం పెద్ద బ్రూవరీల చేతిలో మరీ ఎక్కువ పబ్‌లు ఉండకూడదని ఆర్డర్ తెచ్చింది, పోటీ పెరుగుతుందని ఉద్దేశం. వాళ్ళు వేలకొద్దీ పబ్‌లు అమ్మేశారు, కొన్నవి ఆస్తి మీద ఆదాయం చూసుకునే కంపెనీలు. మా పబ్ కూడా అలా చేతులు మారింది, అద్దె పెరిగింది, బీరు రేటు పెరిగింది, ఇంకొన్నేళ్ళు లాగి అమ్మానాన్న వదిలేశారు. ఆ తర్వాత సూపర్‌మార్కెట్‌లో చవక బీరు, పన్నులు, 2020 మార్చిలో కోవిడ్‌కి మూత. 2000లో బ్రిటన్ మొత్తం మీద 60 వేల పబ్‌లు ఉండేవి, ఇప్పుడు 45 వేల చుట్టూ ఉన్నాయి.

ప్రశ్న: మాకు బార్ అండ్ రెస్టారెంట్ ఉంది, పైనే ఇల్లు. పిల్లలకి ఏడు, పదేళ్ళు. మీ జవాబు మాకు చాలా అవసరం. (కరీంనగర్ నుంచి ఒక తల్లి)

జవాబు: చెల్లీ, మద్యం కన్నా ముందు టైమ్ గురించి ఆలోచించు. రోజులో ఒక గంట, అదే గంట, మీ ఇద్దరిలో కనీసం ఒకరు కింద ఏం జరిగినా లేవకుండా పిల్లలతో కూర్చోవాలి. మీ దగ్గర మధ్యాహ్నం చట్టం మూయించదు కాబట్టి మీరే మూసుకోవాలి. రెండోది, ఇంటికి బార్‌లోంచి కాకుండా వేరే మెట్లు లేకపోతే అప్పు చేసైనా కట్టించండి, స్నేహితులు రావడానికి ఇబ్బందిపడే ఇల్లు పిల్లలకి చాలా కష్టం. పెద్దదాన్ని క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చోబెట్టకు, ఎంత తెలివైనదైనా సరే. కింద ఎవరైనా తూలుతూ కనిపించి పిల్లలు అడిగితే మాట మార్చకుండా ఉన్నది చెప్పు, మా అమ్మ అలాగే చెప్పేది.

ప్రశ్న: వచ్చే వేసవిలో లండన్ వెళ్తున్నాం. పిల్లల్ని తీసుకుని పబ్‌కి వెళ్ళొచ్చా?

జవాబు: హాయిగా వెళ్ళొచ్చు. 2005 నుంచి పెద్దవాళ్ళు తోడుంటే పిల్లల్ని రానిస్తారు, అయితే అది ఆ పబ్ వాళ్ళ ఇష్టం, చాలాచోట్ల రాత్రి ఎనిమిదో తొమ్మిదో దాటాక ఉండనివ్వరు, తలుపు దగ్గర బోర్డు చూస్కోండి. టేబుల్ దగ్గర కూర్చుని ఎవరో వస్తారని ఎదురుచూడకండి, చాలా పబ్‌ల్లో బార్ దగ్గరికి వెళ్ళి ఆర్డర్ చెప్పి అక్కడే డబ్బు కట్టాలి. ఆదివారం మధ్యాహ్నం రోస్ట్ (కాల్చిన మాంసం భోజనం) తినాలంటే ముందే బుక్ చేస్కోండి. గొలుసు కంపెనీ వాటికి కాకుండా కుటుంబం నడిపే పబ్ దొరికితే దానికే వెళ్ళండి, వెళ్ళేటప్పుడు మీ గ్లాసులు మీరే బార్ మీద పెట్టేసి వెళ్ళండి, లోపల ఎవరో ఒకరికి ఒక చుట్టు నడక తగ్గుతుంది.